నిండుగా కనిపించిన గ్లాసు

మేవిస్ క్రాబ్‌ట్రీకి ఆవిరంటే భయం. మా క్లబ్బులో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆవిరికి భయపడే మనిషి ఆవిరి ఇంజను నడపడమేమిటని కొత్తగా చేరినవాళ్ళు నవ్వేవాళ్ళు. పాతవాళ్ళం నవ్వడం ఎప్పుడో మానేశాం, ఎగతాళి మాత్రం మానలేదు.

మా రైలు పార్కులో చెరువు చుట్టూ తిరుగుతుంది. పట్టాల మధ్య జానెడు వెడల్పు కూడా ఉండదు. ఇంజను పొగగొట్టం నా మోకాలి దాకా వస్తుంది. అయినా అది బొమ్మ కాదు. లోపల నిజమైన బొగ్గు మండుతుంది, నిజమైన నీళ్ళు మరుగుతాయి. డ్రైవరు ఇంజను వెనక బొగ్గూ నీళ్ళూ ఉండే టెండరు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే, అతని వెనక పొడుగాటి బల్లబండ్ల మీద పిల్లలూ పెద్దలూ అటొక కాలు ఇటొక కాలు వేసుకుని కూర్చుంటారు. ఆఖరి బండి మీద గార్డు. చాలా ఏళ్ళు ఆ గార్డును నేనే. ఇంజను నడపాలనే కోరిక నాకెప్పుడూ లేదు. కోటు జేబులో ఒక పుస్తకం పెట్టుకుని, రైలు ఆగినప్పుడల్లా ఒక పేజీ చదువుకుంటూ, జెండా ఊపుతూ ఆదివారాలు గడిపేశాను. మేవిస్ వీపు చూస్తూ ఎన్ని వందల చుట్లు తిరిగానో చెప్పలేను. వంగిన వీపు కాదు. బిగుసుకుని, ఎవరో వెనక నుంచి పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు ఉండే వీపు.

ఆ భయం ఎక్కడిదో ఆవిడే ఒకసారి నాకు చెప్పింది. వాళ్ళ నాన్న లోయలో ఉన్ని మిల్లులో బాయిలరుకు బొగ్గు వేసేవాడు. బడి సెలవుల్లో మధ్యాహ్నం పూట ఆయనకు భోజనం తీసుకెళ్ళేది మేవిసే. ఉడికిన బంగాళాదుంపలు, మాంసం ముక్కలు ఉన్న గిన్నెకు గుడ్డ చుట్టి, గుండెకు ఆనించుకుని వెళ్ళేది. బాయిలరు ముందు నిలువుగా ఒక గాజు గొట్టం. అందులో నీళ్ళు. నాన్న దాన్ని చూపించి చెప్పాడట:

"ఇందులో నీళ్ళు కనపడుతున్నంతసేపూ నాన్న బాగున్నాడని లెక్క. ఎప్పుడైనా కనపడలేదనుకో, నన్ను పిలవకు. గిన్నె అక్కడే పడేసి పరిగెత్తు."

ఆయన భయపెట్టాలని అనలేదు. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడమ్మా అన్నట్టే అన్నాడు. ఆ పిల్ల మాత్రం అప్పటినుంచీ తలుపు తీయగానే ముందు ఆ గొట్టం చూసేది, తరువాతే నాన్న ముఖం చూసేది. ఆ బాయిలరు ఏనాడూ పేలలేదు. నాన్న రిటైరయ్యి, ముసలివాడై, మంచం మీదే పోయాడు. భయానికి అదేమీ అడ్డం కాలేదు.

అలాంటి మనిషి విల్ఫ్ క్రాబ్‌ట్రీని చేసుకుంది. విల్ఫ్ బస్సు డిపోలో ఫిట్టరు. పెళ్ళయిన కొత్తలో పావురాలు పెంచేవాడట, అవి పోయాక ఇంజను కట్టడం మొదలుపెట్టాడు. "మా ఇంట్లో భోజనాల బల్ల ఉందన్న సంగతే మర్చిపోయాను," అనేది మేవిస్. "ఎప్పుడు చూడు దాని మీద ఒక చక్రమో, ఒక గొట్టమో. క్రిస్మస్‌కి కూడా ఒళ్ళో పళ్ళెం పెట్టుకునే తిన్నాం." బాయిలరుకు రాగి రేకులు అతికించేటప్పుడు ఒక మంట చాలదు. రాగి వేడిని అటు తాగేసి ఇటు వదిలేస్తుంది. రెండో మంట పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. పెరట్లో ఆ రెండో మంట పట్టుకున్నది మేవిసే. ముఖం పక్కకు తిప్పుకుని పట్టుకున్నానని చెప్పింది. చెయ్యి మాత్రం కదలలేదట. బాయిలరులో ప్రతి అతుకూ విల్ఫ్‌దీ, ఆవిడదీ.

విల్ఫ్ ఆ ఇంజనును నాలుగు వేసవులు మాత్రమే నడిపాడు. అతను పోయాక అది వాళ్ళ షెడ్డులో పాత తెర కింద నిలబడి ఉండిపోయింది. మా వాళ్ళు ఒకరి తరువాత ఒకరు కేకులు పట్టుకుని పరామర్శకు వెళ్ళారు. ఓదార్పు మాటల మధ్య షెడ్డు వైపు చూసి వచ్చారు. అందరూ అనుకున్నది అమ్మేస్తుందనే. ఒక ఆదివారం ఆవిడ క్లబ్బుకు వచ్చి, ఆర్నాల్డ్ బూత్రాయిడ్ ముందు నిలబడి, నడపడం నేర్పమంది.

ఆర్నాల్డ్ మా అందరిలోకీ పెద్ద డ్రైవరు. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. అరవై దాటిన ఆడవాళ్ళను కూడా అమ్మాయ్ అనే పిలుస్తాడు.

"నీకు కెటిల్ ఈల వేస్తేనే గుండె ఆగుతుంది కదా అమ్మాయ్."

"ఆగుతుంది."

"మరి ఇదెందుకు?"

"అమ్మేస్తే ఎవడో ముక్కూ మొహం తెలీనివాడు దీన్నెలా చూస్తాడో అని భయం. నడిపితే నాకు భయం. రెండో భయం నా చేతిలో ఉంటుంది కదా."

ఆర్నాల్డ్ గడ్డం గోక్కున్నాడు. మరుసటి ఆదివారం నుంచే నేర్పాడు. బాగా నేర్పాడు. ఆ మాట చెప్పకపోతే తప్పు.

ఇంజను వెనక పలక మీద, డ్రైవరు కళ్ళకు ఎదురుగా, పెన్సిలంత సన్నని గాజు గొట్టం ఉంటుంది. దాన్నే మేం గ్లాసు అంటాం. పై కొస బాయిలరులో ఆవిరి ఉండే చోటికీ, కింది కొస నీళ్ళుండే చోటికీ కలిసి ఉంటాయి. లోపల నీళ్ళెంత ఎత్తున ఉన్నాయో గ్లాసులోనూ అంతే. నీళ్ళు బాగా తగ్గితే బొగ్గు మండే నిప్పుగూటి పైకప్పు బయటపడుతుంది. కింద ఎర్రటి నిప్పు, పైన నీళ్ళు లేని రాగి రేకు. ఆ తరువాత ఏమవుతుందో మాలో ఎవరూ వాక్యం పూర్తి చేయరు. గొట్టం సన్నం కాబట్టి అప్పుడప్పుడు అబద్ధం చెబుతుంది. అందుకని కింది కుళాయి విప్పి, అందులో నీళ్ళు బయటికి ఊదేసి, మూసి, మళ్ళీ ఎంత ఎత్తుకు వస్తాయో చూడాలి. మిగతావాళ్ళు పూటకు రెండు మూడుసార్లు చేసే పని మేవిస్ ప్రతి చుట్టుకూ చేసేది. ప్లాట్‌ఫాం మీద జనం బారులు తీరి ఉన్నా సరే, బుస్సుమని గ్లాసు కడిగి, నీళ్ళు తిరిగి వచ్చి నిలిచేదాకా చూసి, అప్పుడు తల ఊపేది.

ఇంకొక పద్ధతి ఉంది మా దగ్గర. డ్రైవరు టీకి వెళ్ళినప్పుడు మంటలో ఉన్న ఇంజనును ఒంటరిగా వదలకూడదు. మరొక డ్రైవరు దగ్గరుండి చూడాలి. తిరిగి వచ్చాక అప్పగింత. నీళ్ళు ఎంత, నిప్పు ఎలా ఉంది, ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు ఎక్కడుంది, మూడూ నోటితో చెప్పాలి. వచ్చిన డ్రైవరు "తీసుకున్నాను" అనాలి. ఆ మాట అన్నాక ఇంజను బాగోగులన్నీ అతనివే. అప్పగించిన మనిషి ముందే వెంటనే గ్లాసు కడగడం మావాళ్ళకు నచ్చదు. వడ్డించిన వాళ్ళ ముందే కూర వాసన చూసినట్టు ఉంటుంది.

ఆ ఆదివారం ఎండ బాగా కాసింది. పార్కు నిండా జనం. మేవిస్ టీ గుడిసెలోకి వచ్చేసరికి ఆవిడ మీదే నడుస్తోంది మాట.

"చెరువులో నీళ్ళు తగ్గాయేమిటా అనుకున్నా," అన్నాడు ఒకడు. "మేవిస్ గ్లాసు కడుగుతోంది కదా, ఇంకేం మిగుల్తాయి."

"నవ్వండి," అని మేవిస్ టీ పోసుకుంది. "మీ టీ కప్పులు మీరు అందులో సగమైనా కడిగితే ఈ గుడిసెకి ఈ వాసన ఉండేది కాదు."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. కానీ చెవులు ఎర్రబడ్డాయి. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను.

బయట ఆర్నాల్డ్ ఆవిడ ఇంజను దగ్గర కూర్చుని ఉన్నాడు. మేం వెళ్ళేసరికి లేచి, చేతులు గుడ్డకు తుడుచుకుని, అప్పగింత చెప్పాడు. "గ్లాసు నిండుగా ఉంది. నిప్పు బ్రహ్మాండంగా ఉంది. ముల్లు ఎనభై దగ్గర. అమ్మాయ్, నీ కోసమని గ్లాసు కూడా నేనే కడిగి పెట్టాను. ఇక మళ్ళీ కడగక్కర్లా."

మేవిస్ గ్లాసు వైపు చూసింది. పై దాకా నీళ్ళు. ఆవిడ చెయ్యి కింది కుళాయి దాకా వెళ్ళింది. బారులో ఉన్న జనం చూస్తున్నారు. గుడిసె గుమ్మంలో నుంచి మావాళ్ళు చూస్తున్నారు. ఆర్నాల్డ్ నవ్వుతూ చూస్తున్నాడు. చెయ్యి వెనక్కి వచ్చింది.

"తీసుకున్నాను," అంది.

నేను జెండా ఊపాను.

గ్లాసు నిండుగా ఉంటే డ్రైవరు నీళ్ళు ఎక్కించడు, ఎక్కువైతే చక్రాలు తిప్పే సిలిండర్లలోకి పోయి పాడుచేస్తాయి. మేవిస్ కూడా ఎక్కించలేదు. ఒక చుట్టు తిరిగాం. జనం దిగారు, వేరే జనం ఎక్కారు. గుమ్మంలో మావాళ్ళు ఇంకా చూస్తున్నారు, ఆవిడ ఈసారీ గ్లాసు కడగలేదు. రెండో చుట్టులో, చెరువు అవతల ఒడ్డున, స్టేషను కనపడని వంపులో, ఆవిడ వీపు మారడం చూశాను. ఎప్పుడూ బిగుసుకుని ఉండే వీపు ఒక్కసారిగా మెత్తబడి ముందుకు వంగింది. ఆ వంపు దగ్గర పట్టాల అతుకు ఎగుడుదిగుడు. దాని మీద వెళ్తే బండి మీద మనమే ఊగుతాం, గ్లాసులో నీళ్ళు ఊగకుండా ఉండవు. ఆ రోజు ఊగలేదు. గాజులో గీసిన గీతలా నిలబడి ఉన్నాయి. ఆవిడ తరువాత చెప్పింది: "ఊపిరి తీయని మనిషి ముఖం చూసినట్టు అనిపించింది."

చెయ్యి చాచి కింది కుళాయి విప్పింది. నీళ్ళు రాలేదు. ఉత్త ఆవిరి.

బ్రేకు వేసింది. రైలు ఆగింది. తిరిగి నా వైపు చూసింది. ముఖంలో రక్తం లేదు. గొంతు మాత్రం మామూలుగా ఉంది. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

"అందర్నీ దింపండి. వెనక్కి నడిపించండి, ఆ పొదల దాకా. పరిగెత్తొద్దని చెప్పండి."

పిల్లలను ఒక్కొక్కరినీ దింపాను. ఎవరి అమ్మమ్మో ఒకావిడ కదలనంటుంది.

"ఇదేం స్టేషనండీ, ఇక్కడ టాయిలెట్ కూడా లేదు."

"ఇది స్టేషను కాదమ్మా. దయచేసి నడవండి."

"అయితే ఎందుకు దిగాలి?"

"పొదల వెనక బాతు పిల్లలున్నాయి, చూద్దురు గాని రండి," అన్నాను. బాతు పిల్లలు లేవు. నోటికి వచ్చింది అదే. పిల్లలు ముందే బయల్దేరారు, ఆవిడ వాళ్ళ వెనక గునుస్తూ నడిచింది.

వెనక్కి తిరిగి చూస్తే మేవిస్ ఇంకా ఇంజను దగ్గరే ఉంది. నీళ్ళు పంపే చక్రం మీద ఆవిడ కుడి చెయ్యి ఉంది. నీళ్ళు తగ్గితే నీళ్ళు పొయ్యాలని ఏ చేతికైనా అనిపిస్తుంది. కాలిపోయి ఉన్న రాగి మీద చల్లటి నీళ్ళు పడితే ఏమవుతుందో ఆ చేతికి తెలియదు, తలకే తెలియాలి. ఆవిడ ఆ చేతిని ఎడమ చేత్తో పట్టుకుని చక్రం మీద నుంచి తీసింది. నిజంగానే, వేరే వాళ్ళ చేతిని తీసినట్టు తీసింది.

మిగిలింది ఒకటే. నిప్పు పారేయడం. నిప్పు కింది జల్లెడ, బూడిద పళ్ళెం రెండూ ఒకే చీల మీద వేలాడుతుంటాయి. చీల లాగితే మంటంతా పట్టాల మధ్య పడిపోతుంది. జనం ఉన్న రోజు నిప్పు పారేయడమంటే మా క్లబ్బులో ఏళ్ళ తరబడి ఎగతాళిగా చెప్పుకుంటారు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం నిప్పుగూటి పక్కనే పెట్టి, కొక్కెంతో చీల లాగింది. రాలేదు. విల్ఫ్ బిగువుగా చేసే మనిషి. మళ్ళీ లాగింది. రాలేదు.

"నేను లాగుతాను, మీరు ఇటు రండి," అని అరిచాను.

"మీరు పిల్లల దగ్గరుండండి."

ఆ క్షణంలో ఆవిడ ఏమనుకుందో నేనెప్పుడూ అడగలేదు. గిన్నె పడేసి పరిగెత్తమని చెప్పిన నాన్న మాట గుర్తొచ్చిందేమో. నాకైతే అదే గుర్తొచ్చింది. ఇంజనులో ఎక్కడో టక్కుమని చిన్న చప్పుడైంది. నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆవిడ పక్కన పడున్న రాయి తీసుకుని చీలను కొడుతోంది. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో అది జారింది. ఎర్రటి నిప్పంతా పట్టాల కింద తారు పూసిన చెక్క స్లీపర్ల మీద కుప్పగా పడింది. తారు పొగ లేచింది. ఆవిడ ఇంజనుకూ బండికీ మధ్య లంకె ఊడదీసి, ఒక్క భుజంతో ఇంజనును ఆ నిప్పు మీద నుంచి ముందుకు నెట్టింది. ఆ తరువాత గడ్డిలోకి వచ్చి కూలబడింది. ఏడవలేదు. ముల్లు వైపు చూస్తూ కూర్చుంది. ముల్లు నెమ్మదిగా దిగుతోంది.

ఆర్నాల్డ్ పట్టాల వెంబడి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ వయసులో ఆ శరీరంతో పరిగెత్తడం చూడలేకపోయాను.

"నిప్పెందుకు పారేశావే తల్లీ? నిండు గ్లాసు ఇచ్చాను కదా నీకు."

మేవిస్ వేలితో చూపించింది. ఆర్నాల్డ్ వంగి చూశాడు. గ్లాసు ఇప్పటికీ నిండుగానే ఉంది. అప్పుడు అతని చూపు గ్లాసు పై కొసన, ఆవిరి దారికి ఉన్న కుళాయి మీద పడింది. గ్లాసు సరిగా కడగాలంటే పై దారికీ కింది దారికీ ఉన్న కుళాయిలను విడివిడిగా మూసి చూడాలి. ఆ పద్ధతి ఆవిడకు నేర్పింది అతనే. పై కుళాయి పిడి అడ్డంగా ఉంది. మూసేశాక ఎవరో అతన్ని పిలిచి ఉంటారు. తలతిప్పి జవాబు చెప్పి ఉంటాడు. పై దారి మూసుకుపోయిన గ్లాసు నిండుతుంది, నిండి, పై కొస వేలితో మూసిన గొట్టంలా, కింద కుళాయి విప్పినా అలాగే ఉండిపోతుంది. లోపల నీళ్ళతో దానికిక సంబంధం ఉండదు.

అతను గుడ్డతో పిడిని పట్టుకుని నిలువుగా తిప్పాడు. గ్లాసులో నీళ్ళన్నీ ఒక్కసారిగా కిందికి పడిపోయాయి. ఖాళీ గాజు.

పొదల దగ్గర నుంచి అమ్మమ్మగారి గొంతు వినిపిస్తోంది, బాతులెక్కడున్నాయని.

"నేను," అన్నాడు ఆర్నాల్డ్.

"తీసుకున్నాను అన్నది నేను కదా," అంది మేవిస్.

ఇంజనును తోపుడు బండి మీద క్లబ్బు షెడ్డుకు చేర్చారు. బాయిలరు బతికిందో లేదో బయటి నుంచి చూస్తే తెలియదు. పైకప్పు రాగి మెత్తబడి ఉంటే, లోపల ఒక్క అతుకు కదిలి ఉంటే, అది ఇక పనికిరాదు. అంత పెద్ద రాగి బాయిలరును మళ్ళీ అతికించేవాళ్ళు మా చుట్టుపక్కల ఎవరూ లేరు. రెండో మంట పట్టుకున్న మనిషి ఉంది, మొదటి మంట పట్టుకున్నతను లేడు. పరీక్ష వచ్చే శనివారం అన్నారు. ఆ వారమంతా మేవిస్ ఇంట్లో టీ కోసం నీళ్ళు కూడా మరగపెట్టుకోలేదని పొరుగావిడ చెప్పింది. చన్నీళ్ళే తాగిందట.

శనివారం ఉదయం షెడ్డులో నలుగురం ఉన్నాం. మేవిస్, నేను, ఆర్నాల్డ్, బాయిలర్లు పరీక్షించే లెస్లీ థ్వైట్. లెస్లీ తక్కువ మాటల మనిషి. బాయిలరును అంచుదాకా చన్నీళ్ళతో నింపాడు. చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి, ఇంజను మామూలుగా నడిచే ఒత్తిడికి రెట్టింపు దగ్గర నిలపాలి. చన్నీళ్ళు కాబట్టి పేలేదేమీ ఉండదు. చీలితే ఒక చుక్క కారుతుంది, ముల్లు పడిపోతుంది. అంతే. ఆ అంతే కోసమే అందరం ఊపిరి బిగబట్టి ఉన్నాం.

ఆర్నాల్డ్ వారం రోజుల్లో వయసు మళ్ళినవాడిలా అయిపోయాడు. గడ్డం గీసుకోలేదు. పంపు నేను కొడతానని ముందుకు వచ్చాడు. పిడి చేతుల్లోంచి జారింది.

"ఆర్నాల్డ్," అంది మేవిస్.

"ఏంటి అమ్మాయ్."

"నువ్వెళ్ళి టీ పెట్టు."

"నన్ను ఇక్కడ ఉండనీ. నేను చూడాలి."

"నీ మీద కోపంతో కాదు. ఇంత చిన్న షెడ్డులో భయపడేవాళ్ళు ఇద్దరుంటే గాలాడట్లేదు. నేనెలాగూ పోను కదా. నువ్వెళ్ళు."

అతను వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే గుడిసె ముందు కెటిల్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు, లోపలికి వెళ్ళకుండా.

పంపు మేవిసే ముక్కాలి పీట మీద కూర్చుని కొట్టింది. లెస్లీ వద్దనలేదు. ముల్లు లేచింది. మామూలు ఒత్తిడి దాటింది. ఒక చోట రాగి కిర్రుమంది. ఆవిడ ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ కొట్టింది. రెట్టింపు దగ్గర లెస్లీ చెయ్యెత్తాడు. ఆవిడ పంపు వదిలేసింది. లెస్లీ చిన్న లాంతరు పట్టుకుని బాయిలరు చుట్టూ, నిప్పుగూట్లో, కింద, ప్రతి అతుకూ వెతికాడు. మేవిస్ ముల్లు మీది నుంచి చూపు తిప్పలేదు. నేను ఆవిడనే చూస్తున్నాను. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన కాదు, విల్ఫ్‌ను తిడుతోందని తరువాత తెలిసింది.

ముల్లు కదల్లేదు.

లెస్లీ లేచి, మోకాళ్ళు దులుపుకుని, గడియారం చూసుకున్నాడు. "టైమైపోయింది మేవిస్. బాగుంది. ఎక్కడా చుక్క లేదు. ఒత్తిడి వదిలేస్తున్నాను."

"వదలకండి," అంది ఆవిడ.

"అయిపోయిందమ్మా. ఇంతకంటే చూడక్కర్లేదు."

"తెలుసు. కాసేపు అలాగే ఉండనివ్వండి."

లెస్లీ నా వైపు చూశాడు. నేను భుజాలెగరేశాను. అతను కుళాయి మీద నుంచి చెయ్యి తీసేసి, పక్కనున్న పెట్టె మీద కూర్చున్నాడు. మేవిస్ ముక్కాలి పీటను ఆ కదలని ముల్లుకు ఇంకొంచెం దగ్గరగా లాక్కుంది.